మిరప ఘాటే అనుకున్నాం

మొన్న కారు సర్వీసింగుకని నల్లపాడు రోడ్డులో ఒక షెడ్డు ముందు కూర్చుని ఉంటే పక్కన ఎవరిదో బండి స్టార్టు చేశారు. సగం కాలిన పెట్రోలు వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలి, కళ్ల వెనక సూదిలా దిగింది. కొత్త ఎగ్జాస్టు గొట్టాలు వేయించుకున్న ఒకాయన, పొగను శుభ్రం చేసే డబ్బాను తీసేయించి కాళ్ల దగ్గర పడేసి, ఆ చప్పుడుకు మురిసిపోతున్నాడు. నేను లేచి రోడ్డు మీదికి వచ్చేశాను.

మా చిన్నతనంలో చలి తగ్గింది మొదలు ఎండలు ముదిరేదాకా ఇంటి చుట్టూ మిరప కల్లాలే. చూపు ఆనినంత మేర ఎర్రగా పరిచిన కాయలు, వాటి మధ్య ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని తాలుకాయలు ఏరే ఆడవాళ్లు, ఎండుకాయను చెవి దగ్గర ఆడిస్తే గలగలమనే గింజలు, అన్నంలో వెన్నతో కలిపి తినే పండుమిరప పచ్చడి, గాలి తిరిగితే చాలు వీధి వీధంతా ఒకేసారి తుమ్మడం. ఆ రోజుల్లో దగ్గును ఎవరూ జబ్బుగా లెక్కపెట్టేవాళ్లు కాదు. కళ్లు మండినా, తల తిరిగినా మా నాయనమ్మ చెప్పే వైద్యం ఒక్కటే: "ఘాటు తగిలిందే, మజ్జిగ తాగి పడుకో." తాగి పడుకునేవాళ్లం. లేచేసరికి తగ్గిపోయేది.

నాన్నకు ఒక పాత పెట్రోలు వ్యాను ఉండేది. కూలీలను కల్లాలకు, బస్తాలను మార్కెట్ యార్డుకు తిప్పేవాడు. చిన్న ఎత్తు ఎక్కాలన్నా అది మొరాయించేది. మా వీధి చివర షెడ్డు నడిపే మస్తాన్ బాబాయ్, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, దానికోసం కొత్త ఎగ్జాస్టు గొట్టాలు తెచ్చి బిగిస్తూ ఆగాడు.

"అన్నా, ఈ డబ్బా మూసుకుపోయింది గానీ, నాలుగు రోజులు ఆగితే ఇంకోటి తెస్తా. పొగలో విషాన్ని చంపేది ఇదే."

"ఒరేయ్, మిరపకాయల్లో పుట్టి మిరపకాయల్లో పెరిగినోళ్లం. మనల్ని పొగేం చేసుద్దిరా! పీకి అవతల పెట్టు."

"నీకేం, ఇనప గుండె. ఎనక కూర్చునేవాళ్లో?"

"నువ్వు మెకానిక్కువా, డాక్టరువా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. డబ్బా ఉన్నచోట ఉత్త గొట్టం వచ్చింది. దాని పక్కన పొగను కొలిచే వైరు తగిలించే కన్నం ఒకటి మిగిలిపోతే బోల్టు తిప్పి మూశారు. ఆ సాయంత్రం వ్యాను లేగదూడలా పరుగెత్తింది. నాన్న మా అందరినీ ఎక్కించుకుని పెదకాకాని దాకా తిప్పి తెచ్చాడు.

పీకి పడేసినప్పుడు పగిలిన డబ్బాలోంచి తేనెపట్టులాంటి ముక్క ఒకటి మా చెల్లెలు వాణికి దొరికింది. దానికప్పుడు ఎనిమిదేళ్లు. ఆ ముక్కను కంటికి ఆనించుకుని ఆకాశంలోకి చూస్తూ, "అక్కా, సూర్యుడు జల్లెడలో పడ్డాడే!" అని అరిచింది.

వారం తిరక్కుండా కనిగిరిలో మేనత్త ఇంట్లో శుభకార్యం వచ్చింది. నాన్న, ముందు సీట్లో అమ్మ, మధ్యలో నేను, వెనక రేకు మీద బొంత పరుచుకుని వాణి. దారి పొడవునా రెండు పక్కలా కల్లాలు, ఎదురుగాలి. "అద్దాలెయ్యండే, ఘాటుకు పిల్ల దగ్గుతోంది," అంది అమ్మ. వేశాం. గొట్టం కన్నానికి బిగించిన బోల్టు అప్పటికే ఎక్కడో ఊడిపోయిందని, తుప్పుపట్టిన రేకు సందుల్లోంచి పొగ లోపలికి వస్తోందని మాకెవరికీ తెలియదు. తల పగిలిపోతుంటే నేను బండి ఆపించి, వాంతి చేసుకుని, గట్టు మీద కాసేపు కూర్చున్నాను. వాణిని లేపితే "నిద్దరొస్తందక్కా" అని మళ్లీ ముడుచుకుంది. మళ్లీ అద్దాలు వేసుకుని బయల్దేరాం.

మేనత్త ఇంటి దగ్గర నాన్నే వాణిని భుజాన వేసుకుని దించాడు. అత్త మజ్జిగ పట్టింది. సగం బయటికి కారింది. "ఘాటుకేలే, పడుకోనీండి," అన్నారు అందరూ. పొద్దు వాలేదాకా పడుకోనిచ్చాం. ఎంత తట్టినా కళ్లు తెరవకపోయేసరికి అప్పుడు ఆసుపత్రికి ఎత్తుకుపోయారు.

"ఏ పొగ పీల్చింది?" అన్నాడు డాక్టరు.

"పొగ కాదండీ, మిరప ఘాటు," అంది అమ్మ.

డాక్టరు వంగి వాణి గౌను వాసన చూశాడు. "ఏ బండిలో వచ్చారు?" అని అడిగాడు. నాన్న డబ్బా పీకించిన సంగతి చెప్పాడు. రాగానే తెచ్చి ఉంటే బాగుండేదని మాత్రం డాక్టరు చెప్పాడు.

మర్నాడు మస్తాన్ బాబాయ్ బస్సులో వచ్చి, వ్యాను కిందికి దూరి చూశాడు. "బోల్టు లేదన్నా," అని చక్రం పట్టుకుని ఏడ్చాడు.

అయిదో రోజు వాణి కళ్లు తెరిచింది. మమ్మల్నందరినీ గుర్తుపట్టింది. కానీ ఆ ప్రయాణం తర్వాత జరిగిందేదీ దాని తలలో నిలవలేదు. పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండదు.

ఇప్పుడా కల్లాలు లేవు. హద్దురాళ్లు పాతిన ఇళ్ల స్థలాలయ్యాయి. నాయనమ్మ పోయింది, మస్తాన్ బాబాయ్ పోయాడు, ఆయన షెడ్డు ఉన్నచోట మందుల దుకాణం వెలిసింది. ఇవేవీ వాణి దాకా చేరలేదు. దాని జుట్టులో అక్కడక్కడా తెల్లవెంట్రుకలు వచ్చాయి. అమ్మ రోజూ తల దువ్వి రెండు జడలు వేస్తుంది. అది వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది.

"నాన్నా, ఇయాల బడి లేదా?"

"సెలవమ్మా," అంటాడు నాన్న.

సెలవనగానే వాణి చప్పట్లు కొడుతుంది. నాన్న తల వంచుకుని లోపలికి వెళ్లిపోతాడు.