ఎక్సలేటర్ వైరుకు ఇప్పనూనె

సిరొంచలో మెకానిక్ రాయమల్లుకు కోపం తెప్పించని బండి ఒక్కటే, ఎడ్లబండి. దానికి ఎక్సలేటర్ వైరు ఉండదు.

మిగతా ఏ బండి కంటపడినా ఊరుకోడు. పెళ్లికి పిలిస్తే పెళ్లికొడుకును చూడడు, పెళ్లికొడుకు బండిని చూస్తాడు. ఎక్సలేటర్ తిప్పి వదులుతాడు. అది టప్పున వెనక్కి వస్తే సరే. పుట్టింటి నుంచి బయల్దేరిన కోడలిలా నింపాదిగా వచ్చిందా, తాళంచెవి పీకి జేబులో వేసుకుంటాడు. ఆపైన తిట్ల దండకం.

"బండిని కడుగుతవ్, బొట్టు పెడ్తవ్, నిమ్మకాయ కడ్తవ్! వైరుల రెండు సుక్కల నూనె పొయ్యనీకి చేతులు పడిపోయినయా?"

ఒకసారి ఆదయ్య అనే రైతు తెలివిగా, "ఇది నా బండి కాదు, మా బావది" అన్నాడు. "అట్లనా? ఇంటికాడ ఉన్నడా మీ బావ?" అని రాయమల్లు నిజంగానే ఆ ఇంటికి నడిచి వెళ్లి, అన్నం తింటున్నవాణ్ణి లేపి మరీ తిట్టి వచ్చాడు.

ఆరోగ్య సేవక్ సమ్మన్నకు ఈ మనిషంటే ఒళ్లు మంట. అది రెండువేల అయిదు జనవరి, పోలియో చుక్కల ఆదివారం. మందు డబ్బా వెనక సీటుకు కట్టుకుని పొద్దున్నే రేగుంటకు బయల్దేరాడు. పోయినసారి ఆలస్యమైతే తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని మిరపకాయలు ఏరడానికి వెళ్లిపోయారు. పెద్ద సారు నలుగురిలో కడిగేశాడు. ఈసారి పదిలోపు చేరకపోతే ఆ పిల్లలకు మళ్లీ చుక్కలు పడవు, సమ్మన్నకు పరువు దక్కదు.

రాయమల్లు దుకాణం దగ్గరకు వచ్చేసరికి ఎక్సలేటర్ వదిలినా ఇంజిన్ వదల్లేదు. గయ్యిమని ఒకటే అరుపు. బ్రేకు తొక్కి ఎలాగో ఆపాడు. ఆపిన చోట ఉతికిన తెల్లచొక్కాతో రాయమల్లే నిలబడి ఉన్నాడు. తాళంచెవి జేబులోకి పోయింది.

"జర చలికి పట్టుకున్నది మామా. ఎండొస్తే అదే ఇడుస్తది. తాళం ఇయ్యి" అన్నాడు సమ్మన్న.

రాయమల్లు వైరు ఊడదీశాడు. కొన వేలితో రుద్ది వాసన చూశాడు. మొహం కందగడ్డ అయింది.

"ఏం పోసినవ్ రా ఇండ్ల?"

"నూనె. నువ్వే కదా పొయ్యమన్నవ్!"

"ఏం నూనె?"

"ఇప్పనూనె. మా అవ్వ పట్టించింది. అసలు సరుకు."

"గారెలు కాల్చనీకి అసలు సరుకే! చలికాలం మీ అవ్వ పొయ్యికాడ పెట్టి కరిగియ్యంగ ఎన్నడన్న సూసినవా? వైరు లోపల గడ్డకట్టి కూసున్నది! అండ్ల సగం పోగులు తెగినయి!"

నిన్న మధ్యాహ్నం ఎండలో ఎక్సలేటర్ వెన్నలా తిరిగిన మాట నిజమే. ఆ మాట చెప్పే ధైర్యం లేక సమ్మన్న కోపం తెచ్చుకున్నాడు.

"తిట్లు రేపు తిట్టు మామా! తల్లులు చేన్లకు పోతరు. తాళం ఇస్తవా, ఇయ్యవా?"

"ఇయ్య. నడిసి పో."

"అంత దూరం నడుస్తరా ఎవరన్న?"

"అడివిల చెట్టుకు గుద్దుకుంటే ఆ నడుసుడు కూడ ఉండది!"

కొత్త వైరు కావాలంటే నది దాటి మంచిర్యాల నుంచి రావాలి. సమ్మన్న తల పట్టుకున్నాడు. రాయమల్లు కాసేపు డబ్బా వైపు చూసి, "పాతదొకటి ఇంట్ల ఉన్నట్టున్నది" అని గొణుక్కుంటూ దుకాణం వెనక్కి పోయాడు. పావుగంట తర్వాత వైరుతో వచ్చి బిగించాడు. ఇంజిన్ ఆన్ చేసి హ్యాండిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాడు. మోత పెరగలేదు, వైరు ఎక్కడా పట్టెయ్యలేదు.

"ఉన్నదాన్ని ముందే తెస్తే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు సమ్మన్న.

"పో! నీ మొహం సూపియ్యకు!"

దారంతా రాయమల్లును తిట్టుకుంటూనే పోయినా, పదికి ముందే రేగుంట చేరాడు. బడి ముందు తల్లులు వరుసగా నిలబడి ఉన్నారు. అందరికీ వేశాక, చివరగా ఒక పచ్చిబాలింత బిడ్డనెత్తుకుని విసవిసా వచ్చింది.

"జల్ది ఎయ్యన్నా. చుట్టాలంత వచ్చి కూసున్నరు. పేరు పెట్టాలె, తాత రాకపాయె! బాపు తొమ్మిదింటికే వస్తనన్నడు."

"ఎవరమ్మా మీ బాపు?"

"సిరొంచల మెకానిక్ రాయమల్లు. సొంత బండే ఉన్నది, నీ బండిసొంటిదే. ఎన్నడు లేటు గాడు."

సమ్మన్న చేతిలో మందు సీసా ఆగింది. ఆ తెల్లచొక్కా ఎందుకో, వైరు ఏ బండి లోంచి ఊడివచ్చిందో అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పసిదాని నోట్లో రెండు చుక్కలు వేసి, డబ్బాను అంగన్‌వాడీ సత్తవ్వకు అప్పగించి, బండి సిరొంచ వైపు తిప్పాడు.

సగం దారిలో ఒక ట్రాక్టర్ ఎదురొచ్చింది. ట్రాలీలో తెల్లచొక్కా నిలబడి డ్రైవర్‌ను తిడుతోంది. సమ్మన్నను చూడగానే దూకింది.

"ఏందిరా, మల్ల ఆగిందా?"

"లేదు మామా. నిన్ను తోల్కపోదామని వచ్చిన. నాకు చెప్తే ఏమాయె?"

"చెప్తే తీసుకుందువా? తల్లులు దొరికిండ్రా?"

"అందరు దొరికిండ్రు. నీ మనుమరాలికి కూడ ఏసిన."

రాయమల్లు గొంతు మొదటిసారి తగ్గింది. "ఏడ్సిందా?"

"ఏడ్వలే మామా. మొహం ఎర్రగ జేసి, పిడికిలి బిగిచ్చి, నా దిక్కు గుర్రుమని సూసింది."

ట్రాక్టర్ డ్రైవర్ ముందుగా నవ్వాడు. రాయమల్లు మూతి బిగించి చూశాడు గానీ ఆగలేదు, పళ్లన్నీ బయటపడ్డాయి.

"నవ్వింది సాలు, బండి తియ్యి" అన్నాడు వెనక ఎక్కి కూర్చుంటూ. "పేరన్న పెట్టకముందే పోరికి కోపమొచ్చిందంటే, ఆ ఇంట్ల ఏ బండి వైరో నూనె లేక పట్టుకున్నట్టున్నది. పోయి సూడాలె."