ముహూర్తానికి తవ్విన గొయ్యి

కాయలు దింపేవాడు రాలేదని మా ఆయన తనే కొబ్బరిచెట్టు ఎక్కి పడ్డాడు. నడుము కింద పట్టు తప్పింది. గుండెల లోతు నీళ్ళలో రోజూ నడిపిస్తే కాళ్ళు తిరిగి రావచ్చని, అదీ మొదటి ఏడాదిలోనే జరగాలని పలాసలో డాక్టరు చెప్పాడు. మా జీడితోట దాటితే సముద్రమే. పడవలవాళ్ళు ఓసారి ఆయన్ని మోసుకెళ్ళి దింపారు కూడా. ఒక్క కెరటానికే మునిగిపోయి ఉప్పునీళ్ళు మింగాడు. అందుకే పెరట్లో చిన్న ఈతకొలను కట్టుకుందామనుకున్నాం.

ఊళ్ళో నవ్వారు. కిడ్నీలు పాడవుతాయని భయపడి డబ్బానీళ్ళు కొనుక్కు తాగే ఉద్దానంలో ఈతకొలనట! నాకూ సిగ్గుగానే ఉండేది. కానీ మంచం మీద ఉన్నది మా ఆయన, ఊరు కాదు.

పంచాయతీలో దరఖాస్తు పెట్టాం. టెక్కలి నుంచి అధికారి వచ్చి చూశాకే అనుమతి అన్నారు. ఆ అధికారి వచ్చేలోపే మూఢం వచ్చిపడుతోంది. మూఢంలో పునాది తీయరు.

"మంచిరోజు పోతే మల్లీ దొరకదే. ఈశాన్యాన సిన్న గొయ్యి తవ్వి పసుపూ కుంకం ఎట్టేద్దాం. తవ్వితే కట్టేసినట్టా ఏటి?" అన్నాడు మా ఆయన.

మా వైపు ఎవరైనా చేసేదే. పంతులు వచ్చాడు. కుర్చీలోంచి వంగి మొదటి గునపం పోటు మా ఆయనే వేశాడు. చాన్నాళ్ళ తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను.

అధికారి వచ్చి ఆ గోతి దగ్గరే ఆగిపోయాడు.

"పని మొదలెట్టీసి పర్మిషన్ అడుగుతారేటండి?"

"పని కాదు బాబూ, పూజ."

"పూజకి ఇంత లోతెందుకమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. "కొబ్బరిమొక్క ఏసే గొయ్యంత ఉంది. సరిగ్గా సూడండి" అన్నాను.

అనుమతి లేకుండా తవ్వినందుకు నోటీసు వచ్చింది. సంజాయిషీ రాసిచ్చాం. దాని మీద మళ్ళీ విచారణ. టెక్కలి ఎప్పుడు వెళ్ళినా సారు మీటింగులో ఉండేవారు. ఏడాది తిరిగిపోయింది. డాక్టరు ఆయన కాళ్ళు నొక్కి చూశాడు, ఇక నీళ్ళ మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన కుర్చీ పెరటి వైపు తిప్పించుకున్నాడు.

"ఒలే, ఆ గోతిలో కొబ్బరిమొక్క ఎట్టీ. దానికి ఎవల్నీ అడగక్కర్లేదు."

ఇంట్లో మొలకెత్తి ఉన్నది ఆయన పడ్డ చెట్టు కాయే. ఏడుస్తూనే నాటాను.

"ఇంకొంచెం మట్టెయ్యి" అన్నాడాయన.