అక్మోర్ పోస్తుంది, మీరు తాగండి

మా కోడలు కనిషాయ్ నారిన్ పట్నంలో డిగ్రీ పూర్తిచేసినప్పుడు ఊరంతా సంతోషించింది. ఏ బ్యాంకులోనో కూర్చుంటుందనుకున్నారు. అది మాత్రం అందరి పిల్లల్లా నేర్చుకోలేని పిల్లలకు చదువు చెప్పే టీచరు శిక్షణలో చేరింది. దాంతో ఆడవాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి. ఆపైన అది కడుపుతో ఉందని తెలిశాక వాటిని మూయించడం ఎవరి తరమూ కాలేదు.

"వదినా, కడుపుతో ఉన్న పిల్ల అలాంటి పిల్లల మొహాలు చూడొచ్చా? రేపు పుట్టేది కూడా అలాగే పుడితే?" అంది మా ఆడపడుచు బాత్మా.

"నేను కడుపుతో ఉన్నన్నాళ్ళూ పొద్దున లేస్తే నీ మొహమే చూశాను కదే. నా కొడుకు చక్కగానే పుట్టాడు," అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా గుమ్మం తొక్కలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉండింది.

శిక్షణ ఏడాది. పొద్దున్నే మినీ బస్సెక్కి పట్నం వెళ్ళాలి, పాఠాలు వినాలి, మధ్యాహ్నం పిల్లల కేంద్రంలో పనిచేయాలి. చివర్లో కమిటీ ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. అది నెగ్గితేనే లైసెన్సు. లేకపోతే మళ్ళీ మొదటినుంచీ ఏడాది. చంకలో పసిబిడ్డతో మళ్ళీ ఏడాది అంటే ఇక ఆ చదువు అటకెక్కినట్టే. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

కమిటీ ముందు పాఠాలు ఎలా జరుగుతాయో ఇక్కడ తెలియనిదెవరికి? ముందే అన్నీ వచ్చిన పిల్లాణ్ణి ఎంచుకుంటారు. వారం రోజులు వల్లె వేయిస్తారు. ఆ రోజు వాడు బొమ్మ అట్టలు చూసి ఇది ఎరుపు, ఇది గుర్రం అని గడగడా చెబుతాడు. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతారు. కేంద్రంవాళ్ళు కనిషాయ్‌కి కూడా అలాంటి పిల్లాణ్ణే చూపించారు. కోడలు వద్దంది.

"వాడికి వచ్చిందే మళ్ళీ వాడిచేత చెప్పించి, నేను నేర్పానని ఏ మొహంతో చెప్పను? నేను అక్మోర్‌ని తీసుకెళ్తాను అపా," అంది నాతో. ఇక్కడి కోడళ్ళు అత్తను అపా అనే పిలుస్తారు, అమ్మను పిలిచినట్టు.

అక్మోర్ మా పక్కింటి నజీరా కూతురు. పన్నెండేళ్ళ పిల్ల. మాట ముద్దగా వస్తుంది. ఏ పనైనా నెమ్మదిగా చేస్తుంది. ఇంటికి చుట్టాలు వస్తే నజీరా దాన్ని వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు వేసేది.

"దానికేం నేర్పుతావే?" అన్నాను.

"టీ పోయడం. చుట్టాలకు టీ పోసే పిల్లను వెనక గదిలో దాచలేరు కదా, ముందుకు పిలవాల్సిందే."

టీ నీళ్ళు కాచే మా సమోవార్ తీసి దానికి ఇచ్చేశాను.

పోయడం ఎవరైనా నేర్చుకుంటారు, ఆపడమే కష్టం. మా దగ్గర టీ తాగే గిన్నెలో సగానికి తక్కువే పోయాలి. అంటే కూర్చోండి, మళ్ళీ మళ్ళీ పోస్తాం అని అర్థం. అంచుదాకా పోస్తే తాగి బయల్దేరమని. అక్మోర్ ఎప్పుడు పోసినా అంచుదాకానే పోసేది. ఒక్కోసారి అంచు దాటించేది. కనిషాయ్ ఎదురుగా, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. పిల్ల చేయగలిగింది మనం చేసిపెట్టకూడదట. ఒకసారి చెప్పి, నోరు మూసుకుని ఆగాలట. శిక్షణలో అన్నిటికంటే అదే కష్టమనేది.

"అలా చూస్తూ కూర్చుంటావేమే, బల్లంతా టీ అయింది!"

"తుడవడం కూడా అదే నేర్చుకుంటుంది అపా. మీరు గుడ్డ అక్కడ పెట్టి ఇవతలికి రండి."

నా ఇంట్లో, నా బల్ల మీద, నాకే ఆజ్ఞలు! గుడ్డ పెట్టి ఇవతలికి వచ్చాను.

పరీక్ష రోజున నజీరా రానంది. "నలుగురిలో అది ఏం చేస్తుందో ఏమో, నేను తలెత్తుకోలేను పిన్నీ," అంది. "నువ్వు తల దించుకునే ఉండు, పిల్లని నాతో పంపు," అని అక్మోర్ చెయ్యి పట్టుకుని బస్సెక్కాను.

కమిటీలో ముగ్గురు. పెద్దావిడ సాయ్రా ఒస్మోనొవ్నా గారు, ఒక బట్టతలాయన, రాసుకోవడానికి ఒకమ్మాయి.

"బొమ్మ అట్టలేవమ్మా?" అంది పెద్దావిడ.

"టీకి బొమ్మ అట్టలెందుకండీ?" అంది కనిషాయ్.

అక్మోర్ టీ పాత్ర ఎత్తి మొదటి గిన్నె పోసింది. అంచుదాకా పోసి, పెద్దావిడ ముందు పెట్టింది. బట్టతలాయన పకపకా నవ్వాడు. "అప్పుడే పొమ్మంటోంది మనల్ని!"

"అక్మోర్, ఎక్కువైంది," అని ఆగింది కనిషాయ్. చేతులు తొడల కిందే ఉన్నాయి. తర్వాత కమిటీ వైపు తిరిగి, "తాగండి. గిన్నె ఖాళీ అయితే మళ్ళీ పోస్తుంది," అంది.

తాగారు. మళ్ళీ నిండుగానే వచ్చింది. అదీ తాగారు. ఇంకోసారి పోస్తే పొంగి బల్లగుడ్డ తడిసింది. అక్మోరే తుడిచింది. బట్టతలాయన కోటు గుండీ విప్పుకున్నాడు. పెద్దావిడ గడియారం చూసుకుంది.

"ఇక చాలమ్మా. ఆ పాత్ర నువ్వు తీసుకుని, ఎలా పోయాలో చూపించు. ముగిద్దాం."

"నాకు పోయడం వచ్చండీ. మా అత్తగారు తిట్టి మరీ నేర్పారు. ఇప్పుడు నేర్చుకుంటున్నది అక్మోర్."

ముగ్గురూ నా వైపు చూశారు. తిట్టిన మాట నిజమే కాబట్టి నేనూ వాళ్ళ వైపే చూశాను.

"అయితే ఫెయిల్ అని రాయాల్సి వస్తుంది."

కనిషాయ్ చెయ్యి ఒకటి తొడ కిందనుంచి వచ్చి పొట్ట మీద ఆగింది. మళ్ళీ కిందికి పోయింది.

"రాయండి. పాఠం అయ్యాక రాయండి," అంది.

పెద్దావిడ లేచింది. కోటు తీసుకుని ఒక చెయ్యి దూర్చింది. అక్మోర్‌కి ఈ గొడవేదీ పట్టలేదు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని పాత్ర వంచింది. టీ గిన్నె సగానికి రాకముందే పాత్ర ముక్కు పైకెత్తి ఆపింది. కనిషాయ్ వైపు చూసింది. కనిషాయ్ పెదవి కదపలేదు. పిల్ల గిన్నె కుడిచేత్తో తీసుకుని, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని, బల్ల చుట్టూ నెమ్మదిగా నడిచి వెళ్ళి పెద్దావిడకు అందించింది.

ఎదురొచ్చిన టీ ముట్టకుండా గడప దాటడానికి ఎంత పెద్ద ఉద్యోగమున్నా ఇక్కడ ధైర్యం చాలదు. ఆవిడ కోటు ఒక భుజాన వేలాడుతుండగానే కూర్చుంది. తాగింది.

"ఇంకా?" అంది అక్మోర్.

ఆవిడ ఖాళీ గిన్నె చూసింది, పిల్లని చూసింది. "పొయ్యి తల్లీ," అంది.

లైసెన్సు వచ్చింది, అత్తెసరు మార్కులతో. సమయం మించిందట, బల్లగుడ్డ పాడైందట, బొమ్మ అట్టలు లేవట. బస్సులో ఆ మార్కుల కాగితం చదువుకుని కనిషాయ్ మండిపడింది.

"చూడండి అపా, అట్టలు లేవని తగ్గించారు! వచ్చేసారి కూడా తీసుకెళ్ళను."

"వచ్చేసారేమిటే, నువ్వు పాసయ్యావు!"

"అయినా తీసుకెళ్ళను."

బిడ్డ పుట్టింది, ఉద్యోగమూ వచ్చింది. సాయంత్రాలు కనిషాయ్ అక్మోర్‌కి ఇప్పుడు మరుగుతున్న నూనెలో బోర్సోక్ పిండిముక్కలు వేయించడం నేర్పుతోంది. మరుగుతున్న నూనెలో! నజీరా గోడ అవతలనుంచి రోజూ అరుస్తోంది. అరవనీ. బోర్సోక్ మాత్రం బాగా పొంగుతున్నాయి.