బుడాపెస్ట్‌లో అక్క ఒక్కపొద్దు

ఊరు చూడ్డానికి మాకు దొరికింది ఒక్క శనివారం. పొద్దున్నుంచీ నడుస్తూ, వీధి వీధికీ ఏదో ఒకటి కొనుక్కుని తింటూ తిరగాలని నెల ముందే ప్లాన్ వేసుకున్నాను. ఏ సందులో ఏది బాగుంటుందో రాసిపెట్టుకున్నాను. శనివారం అక్కకు ఒక్కపొద్దు అన్న సంగతి మాత్రం తట్టలేదు. పగలంతా ఏమీ తినకుండా, పొద్దుగూకాక దీపం పెట్టి ఒక్కపూట తినే ఉపవాసం. తొమ్మిదేళ్లుగా ఆమె ఉంటున్నది నాకోసమే. అది నాకే గుర్తులేదంటే నా సంగతేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది.

అక్క హైటెక్ సిటీలో ఒక గాజు టవర్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. చందానగర్‌లో కిరాయి ఇల్లు, బావది సెక్యూరిటీ డ్యూటీ. నన్ను చదివించింది అక్కే. నేను మదీనాగూడలో ఉంటాను, ఆమె టవర్ పక్క టవర్లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు వాళ్లు వారం రోజుల పనికి బుడాపెస్ట్ పంపిస్తుంటే, నా డబ్బుతో టికెట్ కొని అక్కను కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను క్లయింట్ ఆఫీసులో, ఆమె హోటల్ గదిలో. గది శుభ్రం చేసే అమ్మాయితో రెండో రోజుకే దోస్తీ కలిసింది. ఒకరి భాష ఒకరికి రాదు. దుప్పటి మూలలు మడిచే పద్ధతి మాత్రం ఇద్దరిదీ ఒకటేనట.

ఈ ఒక్కపొద్దు సంగతి చెప్పాలి. మొదటి ఉద్యోగం నేను ఎనిమిది నెలలకే వదిలేశాను. అప్పుడు అక్క వెంకన్నకు మొక్కుకుంది, వీనికి ఒక దగ్గర కాలు నిలిచేదాకా శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని. నిలవడమంటే మూడేళ్లు అని హద్దు కూడా తనే పెట్టుకుంది. ఆ తర్వాత నేను ఐదు ఆఫీసులు మారాను. అన్నీ ఆ నాలుగు రోడ్ల మధ్యే. నా మెడలో ట్యాగు రంగు మారినప్పుడల్లా అక్క దాన్ని వేళ్లతో పట్టుకుని చూసి, "మళ్లీనా?" అనేది. ఎక్కడా నాకు మూడేళ్లు నిండలేదు. రెండో ఏడాది వచ్చేసరికి అదే కుర్చీ, అదే కిటికీ చూస్తుంటే నాకు ఊపిరాడదు.

ఆరు నెలల కింద అక్కకు షుగర్ బయటపడింది. గోలి వేసుకుని కడుపు మాడ్చుకోవద్దని బస్తీ దవాఖానలో డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. నేనూ బతిమాలాను, అరిచాను. "నువ్వు నిలువు, నేను ఇడుస్త," అంది. ఇలా ఉండగా, ముందురోజు అంటే శుక్రవారం సాయంత్రం, హోటల్ గదిలో అక్క స్నానానికి వెళ్లినప్పుడు నేను మేనేజర్‌కు రాజీనామా మెయిల్ పెట్టాను. కొత్త ఉద్యోగం మా ఆఫీసు రోడ్డుకు అవతలి టవర్లోనే. రెండేళ్ల రెండు నెలలకే ఈ ఉద్యోగమూ అయిపోయింది. అక్కకు చెప్పలేదు.

శనివారం పొద్దున్నే పెద్ద మార్కెట్‌కు వెళ్లాం. ఇనప కమ్మీల పైకప్పు, కింద వరసగా కూరగాయలు, వేలాడదీసిన ఎండుమిర్చి దండలు. మేడ మీద లాంగోష్ వేస్తున్నారు. మన పూరీ లాంటిదే, కానీ పళ్లెమంత ఉంటుంది. దాని మీద వెల్లుల్లి నీళ్లు చల్లి, పుల్లమీగడ పూసి, చీజ్ తురిమి ఇస్తారు.

"నూనె సక్కగ కాగలె," అంది అక్క, కాసేపు నిలబడి చూసి. "కాగినంక ఏస్తే గింత నూనె పట్టది."

"ఒక్క ముక్క తిను అక్కా."

"ఇయ్యాల శనారం రా."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం ఏమీ అనుకోకుండా సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. "నాది ఉత్తదే ఇయ్యమను, ఎల్లిగడ్డ ఒద్దు. డబ్బల ఏసుకుంట, పొద్దుగూకినంక తింట." ఉత్త లాంగోష్ మడిచి డబ్బాలో పెట్టుకుంది. నేను నాది నాలుగు గుటకల్లో మింగి నాలుక కాల్చుకున్నాను. మెయిల్‌కు జవాబు వచ్చిందేమోనని ఫోన్ తీశాను. రాలేదు.

ఆ రోజంతా అలాగే నడిచింది. నేను కొంటాను, తింటాను, ఫోన్ చూస్తాను. ఆమె వాసన చూస్తుంది, డబ్బాలో వేసుకుంటుంది. గసగసాలు పెట్టి చుట్టిన రేతెష్ అనే తీపి రొట్టె కొంటే, "గుడ్డు ఉన్నదా అడుగు," అంది. అమ్మే పిల్ల ఉందని తలూపింది. అది కాగితంలో వేరే చుట్టి, "ఇది రేపటికి," అని సంచిలో పెట్టింది. మూలమీద ముసలాయన పెనం మీద చెస్ట్‌నట్లు కాలుస్తున్నాడు. వొలుచుకుని తింటే కాల్చిన కందగడ్డలాగే ఉంది. అవీ డబ్బాలోకి వెళ్లాయి.

రోడ్డు దాటేటప్పుడు కార్లు మాకోసం ఆగడం అక్కకు నచ్చలేదు. మదీనాగూడ హైవే మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటిన మనిషి. ఆగిన కారును "నువ్వు పో" అని చేత్తో చూపించేది. లోపలి మనిషి "మీరు వెళ్లండి" అని చూపించేవాడు. ఇద్దరిలో ఎవరూ కదిలేవాళ్లు కాదు. చివరికి నేనే చెయ్యి పట్టి లాక్కెళ్లేవాణ్ణి. ఒకచోట దాటాక వెనక్కి తిరిగి ఆ డ్రైవర్‌కు దండం కూడా పెట్టింది.

నేను కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఎక్కడా రెండు నిమిషాలు ఉండను. ముందుకు వెళ్లిపోతాను, అక్క కనబడక మళ్లీ వెనక్కి వస్తాను. నది మీద వంతెన దగ్గర రాతి సింహాల ముందు ఆమె నిలబడిపోయింది. నేను అప్పటికే సగం వంతెన దాటాను. వెనక్కి వచ్చి, "పద అక్కా, కొండ మీదికి ఎక్కాలె, టైం లేదు," అన్నాను.

"జర ఆగు. ఒక్కదాన్నన్న సక్కగ చూడనియ్యి," అంది.

నిజానికి టైం బోలెడంత ఉంది. ఆగితే చెప్పాల్సి వస్తుందని నా భయం. నడుస్తున్నంతసేపూ మాట రాదు కదా.

కొండ మీద పాత కోట. పైకి బస్సు ఉంది, కానీ నడిచే ఎక్కాలని నేనే పట్టుబట్టాను. మెట్లు తెగడం లేదు. నేను ముందు ఎక్కుతున్నాను. ఒక మలుపులో వెనక్కి చూస్తే అక్క లేదు. నాలుగు మెట్లు దిగి చూశాను. గోడకు ఆనుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. చల్లటి గాలి వీస్తోంది, ఆమె నుదుటి మీద చెమట. చేతులు వణుకుతున్నాయి.

"కండ్లు తిరుగుతున్నయ్ రా."

"గోలి ఏసుకున్నవా?"

"పొద్దుగాల్నే ఏసుకున్న. చాయ్‌తోని."

పైనున్న దుకాణానికి పరిగెత్తి కమలాపండు రసం సీసా తెచ్చాను. వద్దంటుందేమోనని మూత తీసి నోటికే పెట్టాను. వద్దనలేదు, తాగింది. కాసేపటికి చేతుల వణుకు తగ్గింది. ముఖంలోకి రంగు వచ్చింది. నా భయమంతా అప్పుడు కోపమై బయటికొచ్చింది.

"ఎవరికోసం ఇదంతా? నేను అడిగిన్నా? పరాయి దేశంల నీకేమన్న అయితే నేనేం చెయ్యాలె?"

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆఫీసుల నీ కప్పు ఏడబోయింది?" అంది.

నేను సీసా మూత బిగించాను.

"మీ ఫ్లోర్ ఊడ్చే ఆమె చెప్పింది, షేర్ ఆటోల. కప్పు తీస్కపోయిండు, చెప్పులు తీస్కపోయిండు, సొరుగు ఖాళీ చేసిండు, మీ తమ్ముడు పోతున్నడా అని అడిగింది. మనం ఇమానం ఎక్కకముందే నాకు ఎరుక."

నా పక్క కుర్చీలో కూర్చునే వాళ్లకు తెలియదు. నా మేనేజర్‌కు నిన్నటిదాకా తెలియదు. చెత్తబుట్ట ఖాళీ చేసే ఆమెకు తెలిసింది.

"నిన్న మెయిల్ పెట్టిన అక్కా," అన్నాను. "చెప్దామనే అనుకున్న."

"మంచిది."

"కోపం రాలేదా?"

"మొదట్ల అచ్చేది. ఇప్పుడు అస్తలేదు." కాసేపు కిందికి నది వైపు చూసింది. "నువ్వు నిలువవు రా తమ్మీ. అది నీ తప్పని అంటలేను. నీ తీరే గంత. తొమ్మిదేండ్లు చూసిన. ఇగ నేనే ఇడిచిపెడుతున్న. దేవునికి నేను చెప్పుకుంట."

డబ్బా మూత తీసింది. పొద్దు ఇంకా బాగా ఉంది, దీపం లేదు, ఏమీ లేదు. చల్లారిపోయిన లాంగోష్ తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క తుంచింది. తర్వాత చెస్ట్‌నట్లు ఒక్కొక్కటీ వొలుచుకుని తింది. తర్వాత సంచిలోంచి రేపటికని దాచిన కాగితం పొట్లం కూడా తీసి విప్పింది. తొమ్మిదేళ్లలో శనివారం పగటిపూట అక్క తినగా చూడ్డం నాకు అదే మొదలు.

నేను సంతోషించాలి. దానికోసమే కదా నేను కాళ్లూ వేళ్లూ పట్టుకున్నది. కానీ నాకు భయం వేసింది. ఉద్యోగం మానేసిన ప్రతిసారీ, సంచి భుజాన వేసుకుని లిఫ్ట్ దిగుతున్నప్పుడు లోపల ఎక్కడో ఒక ధైర్యం ఉండేది, అక్క శనివారాలు ఉంటోంది కదా, ఏమీ కాదులే అని. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు. ఉన్న నమ్మకమంతా అక్క ఆకలి మీదే. అది ఉందన్న సంగతి ఆ మెట్ల మీద, అది పోతుంటేనే తెలిసింది.

"అక్కా," అన్నాను. "ఈ కొత్త కంపెనీల తప్పకుంట నిలుస్త. ఇంకొక్క ఏడాది ఒక్కపొద్దు ఉండరాదు?"

ఆ మాట నేనే అన్నాను. గోలి వేసుకుని కళ్లు తిరిగి పడబోయిన మనిషిని, చేతుల వణుకు ఆగి పావుగంట కూడా కాకముందే అడిగాను.

అక్క నమలడం ఆపలేదు. నా వైపు చూసింది. కోపంగా చూడలేదు, నవ్వనూ లేదు.

"నాకు ఆకలైతది రా," అంది.