మావ తుడిచిన అంతరిక్ష నౌక

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఏదైనా ఉందంటే అది ఇంకా ఎవరూ కనిపెట్టనిదై ఉండాలి. ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి అంత తెలివి ఎక్కడి నుంచి వస్తుందో, ముప్పై దగ్గరపడేసరికి అదంతా ఎటు పోతుందో నాకిప్పటికీ అంతుబట్టదు. డిగ్రీ అయిపోయి బొబ్బిలిలో ఇంటిపట్టున ఉంటూ, సైన్స్ ఫిక్షన్ అంతరిక్ష నౌకల నమూనాలు కొని దాచుకునేవాళ్ల ఫోను గ్రూపులో రోజంతా తీర్పులు చెప్పేవాణ్ణి. ఎవరో పుణేలోనో చెన్నైలోనో ప్రాణప్రదంగా కొనుక్కున్న నౌక ఫొటో పెడితే, "రెక్క దగ్గర రంగు పలచబడింది, నూటికి డెబ్బై" అని రాసి హాయిగా అన్నానికి లేచేవాణ్ణి. (అప్పటికి అలాంటి నౌకను ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు. ఆ సంగతి గ్రూపులో ఎవరికీ తెలియదు.) మా అమ్మ మాత్రం "బొమ్మలకి మార్కులేస్తే ఎవుడు జీతమిస్తాడ్రా" అని రోజుకోసారి అడిగేది.

ఇచ్చే ఆయన ఒకరు దొరికారు. విజయనగరంలో అలాంటి ఖరీదైన నమూనాలు అమ్మే షాపు ఓనరు గ్రూపులో నా తీర్పులు చదివి ముచ్చటపడ్డాడు. వచ్చిన సరుకు నాణ్యత చూడటానికి మనిషి కావాలి, ఒక నౌక చూపిస్తాను, సరిగ్గా తేలిస్తే ఉద్యోగం నీదే అన్నాడు. అది రాకపోతే సోమవారం నుంచి నేను నాన్న స్నేహితుడి ఎరువుల కొట్టులో కూర్చోవాలని ఇంట్లో అప్పటికే తేలిపోయింది. నాకు బండి లేదు కాబట్టి మా మేనమామ బండి వెనకాల ఎక్కాను. మావ పనస కర్రతో వీణలు చేస్తాడు. ఆయనకు ఒక పద్ధతి ఉంది. పెద్ద వీణైనా, బహుమతులకిచ్చే బుల్లి వీణైనా, చివరికి మంచినీళ్ల చెంబైనా, ఎదుటివాళ్ల చేతికి వెళ్లేముందు భుజం మీది గుడ్డతో ఒకసారి తుడవాల్సిందే. తుడవకుండా ఇస్తే అవతలి మనిషిని చులకన చేసినట్టని వాళ్ల నాన్న నేర్పాడట. ఈ పద్ధతి నా కొంప ముంచుతుందని బండెక్కేటప్పుడు నాకేం తెలుసు.

షాపులో బల్ల మీద మూరెడు పొడవున నౌక ఉంది. గ్రహాల మధ్య యుద్ధంలో దెబ్బలు తిన్న సరుకు నౌక అన్నమాట, కొత్తదే అయినా వందేళ్లు తిరిగినట్టు కనిపించాలి. ఇంజిన్ల దగ్గర మసి, పొట్ట కింద దుమ్ము, రెక్కల మీద నూనె చారలు, ఇవన్నీ కళాకారుడు బ్రష్షుతో వేసిన రంగులే. ఆ మురికి ఎంత సహజంగా ఉంటే నౌకకు అంత విలువ. "అమ్మే ఆయనకి మధ్యాహ్నంలోగా చెప్పాలి. ఉంచుకుందామా, వెనక్కి పంపుదామా, నువ్వే తేల్చు" అని చెప్పి ఓనరు ఫోను మోగితే బయటికి వెళ్లాడు. నేను తెల్ల గ్లౌజులు తొడుక్కున్నాను (పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నవి). ముట్టుకోకుండా, రెండడుగుల దూరం నుంచి భూతద్దంతో చూడటమే నిపుణుల లక్షణమని నా అభిప్రాయం. ఎడమ రెక్క కింది మసి చూసేసరికి ఒళ్లు పులకరించింది. "ఎడమ రెక్క మసి అద్భుతం, నూటికి తొంభై అయిదు" అని కాగితం మీద రాసి, కింద సంతకం కూడా పెట్టి, మావను నౌక దగ్గరే ఉంచి మొహం కడుక్కోవడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి నౌక కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. మావ చేతిలో గుడ్డ నల్లగా ఉంది.

"ఏటి సేసినావు మావా" అన్నాను.

"మట్టి కొట్టుకుపోయి ఉన్నాది కదల్లుడూ. ఆయనొచ్చి సేతిలోకి తీసుకుంటాడు, ఇలగెలా ఇస్తావని తుడిసీసినాను. ఎడం రెక్క కింద మరీ జిడ్డు, గోటితో గీకినాను."

"అది మట్టి కాదు మావా. రంగు. దాని ఖరీదంతా ఆ మురికిలోనే ఉన్నాది."

మావ గుడ్డ వంక, నౌక వంక మార్చి మార్చి చూశాడు. "నీ ఉద్యోగం పోనాదేటి" అని మెల్లగా అడిగాడు.

ఎరువుల బస్తాలు కళ్ల ముందు నిలబడ్డాయి. ఏం చేయాలో తోచక నౌకను మొదటిసారి చేతుల్లోకి తీసుకుని తిప్పాను, అప్పుడు ఇంకో దెబ్బ తగిలింది. ఎడమ రెక్క మొదట్లో అడ్డంగా పగులు. విరిగిన రెక్కను అతికించి, సందులో లప్పం కూరి, పైన మసి పూసి దాచారు. నేను అద్భుతమని సంతకం పెట్టింది ఆ మసికే. అసలు కంపెనీ వేసిన మురికి అయితే పైన గట్టి పూత ఉంటుంది, గుడ్డకు రాదు; అంటే ఈ మురికంతా ఎవరో తర్వాత పూసిందే. (ఈ సంగతి గ్రూపులో ఎంతమందికి బోధించానో లెక్కలేదు.)

అప్పుడే ఓనరు లోపలికి వచ్చాడు. నౌకను చూసి గుమ్మంలోనే నిలబడిపోయి, "ఎవరు తుడిచారు దీన్ని" అన్నాడు. మావ పెదవులు కదిలాయి. ఆయన కంటే ముందు నేను "నేనేనండి" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు నేనే నిర్ఘాంతపోయాను. మావ ఆ మాట వింటూనే బయటికి వెళ్లిపోయాడు. నేను ఆగలేదు. పూత నిలుస్తుందో లేదో పరీక్ష చేశానని, ఇది విరిగి అతికించిన నౌక అని గడగడా చెప్పేశాను. తొంభై అయిదు మార్కుల కాగితం అప్పటికే నా గ్లౌజులో ఉండ చుట్టుకుపోయింది. ఓనరు పగులు మీద వేలు పెట్టి చూసి, "ఇంత ఖరీదైన దాన్ని గుడ్డ పెట్టి రుద్దే ధైర్యం ఎవరికుంటుందయ్యా. సోమవారం వచ్చెయ్" అన్నాడు.

గజపతినగరం దాటేదాకా మావ ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన పట్టుకున్న తప్పును నా ప్రతిభగా అమ్ముకున్నానని కోపం వచ్చిందనుకున్నాను. క్షమించమని ఎలా అడగాలో వెనకాల కూర్చుని కూడబలుక్కుంటున్నాను. ఇంతలో ఆయన బండి పక్కకు ఆపి, నా వైపు తిరిగాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"తప్పు నాను సేసినాను. ఉద్యోగం పోతాదని తెలిసి కూడా నీ మీదేసుకున్నావు. నన్ను ఆయన ముందు తలదించుకోనియ్యలేదు. మీ అమ్మకి సెప్తాను, ఎలాటోడిని కన్నాదో."

"ఉద్యోగం ఇచ్చినాడు మావా" అన్నాను.

"ఇవ్వకేటి. అలాటి మనసున్నోడిని ఎవుడొదులుకుంటాడు" అని మావ బండి స్టార్టు చేశాడు.

ఇప్పటికీ అదే షాపులో పనిచేస్తున్నాను. నిరుడు ఒకరోజు మావ పక్కన కూర్చుని జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పాను, నా మార్కుల కాగితంతో సహా. మావ అంతా విని నవ్వాడు. "ఇన్నేళ్లయినా నాను బాధపడతానని ఇలగ కతలు సెప్తన్నావు" అన్నాడు. ఆ తర్వాత నేనిక ప్రయత్నించలేదు. వీణ కొనడానికి ఎవరొచ్చినా నన్ను పిలిచి మరీ చూపిస్తాడు, "మా మేనల్లుడు, నా తప్పు నెత్తినేసుకున్నోడు" అని. నేను సిగ్గుతో చచ్చిపోయి నేల చూపులు చూస్తాను. "సూసినారా," అంటాడు మావ వాళ్లతో, "పొగిడితే ఓర్సుకోలేడు."