రెండో సంతకం ఆమెది

మా సీనియర్ టెక్నీషియన్ మేడం పోయారన్న వార్త గురువారం పొద్దున తెలిసింది. అప్పుడు నేను గ్లౌజులు వేసుకుని, ఎవరిదో రక్తం ఉన్న ట్యూబు పట్టుకుని ఉన్నాను. వార్డు నుంచి వచ్చిన సిస్టర్ తలుపు దగ్గరే ఆగి, "మీ మేడం లేదంట. తెల్లారంగ గుండె ఆగిందంట" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. ఇకమీదట నా తప్పు పట్టుకునే మనిషి లేరన్న భయం. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆమె గురించి చెప్పాలంటే నేను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మాది పాతబస్తీలో ఒక ప్రసూతి దవాఖానలోని రక్తనిధి. కాన్పుకు వచ్చినవాళ్ళకు రక్తం అవసరమైతే, వాళ్ళ శాంపిల్‌తో సరిపోయే సంచి వెతికి పంపిస్తాం. సంచి మా గది దాటాలంటే కాగితం మీద రెండు సంతకాలు ఉండాలి. పరీక్ష చేసినవాళ్ళది మొదటిది, అంతా మళ్ళీ సరిచూసినవాళ్ళది రెండోది. రెండేళ్ళుగా మొదటిది నాది, రెండోది ఆమెది.

నేను ఇష్టపడి చేరిన ఉద్యోగం కాదిది. డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలు రాసి, ఏదీ తగలక చేరాను. గౌలిపురలో మా అమ్మకు మాత్రం పండగే. "దవాఖానల నౌకరి, నీడపట్టున కూసునుడు, ఇంకేం గావాలెనే నీకు?" అనేది. కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత రోజూ అదే ట్యూబు, అదే తిప్పడం, అదే రాయడం. బస్సు దిగి గేటు దాకా నడవడానికి కాళ్ళు వచ్చేవి కావు. బల్ల కింద ఫోన్ పెట్టుకుని వేళ్ళతో తోస్తూ కూర్చునేదాన్ని.

ఆమె మాదన్నపేట నుంచి వచ్చేవారు. పొద్దున్నే మార్కెట్లో కూరగాయలు కొని, ఆ సంచితోనే డ్యూటీకి దిగేవారు. మధ్యాహ్నం మేం అన్నం తినే గదిలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఊళ్ళో సంగతులన్నీ చెప్పేవారు. నా ఫోన్ చూసి ఎన్నడూ కోప్పడలేదు. "అందుల సుట్టాలెవరన్న ఉన్నరా బిడ్డా? జర మాక్కూడ చూపియ్" అని మాత్రం అనేవారు. నేను నవ్వి, మళ్ళీ అందులోకే చూసేదాన్ని.

శాంపిల్ తీయడంలో ఆమెకో పద్ధతి ఉండేది. "నువ్వు ఫలానానా?" అని ఎవరినీ అడిగేవారు కాదు. నొప్పుల్లో ఉన్న మనిషి దేనికైనా ఊఁ అంటుంది. అందుకని పేరు వాళ్ళ నోటితోనే చెప్పించేవారు. ఒకే పేరు ఇద్దరు ముగ్గురికి ఉండటం మా వార్డులో మామూలే. భర్త పేరు అడిగితే చాలామంది సిగ్గుపడి పక్కనున్న అత్త ముఖం చూస్తారు. అందుకే మేడం వాళ్ళ ఇంటికి దారి అడిగేవారు. "ఘర్ కు కైసా ఆనా, బోలో అమ్మా" అంటే, ఎంత నీరసంగా ఉన్నా కళ్ళు తెరిచి, ఫలానా మలుపు, ఫలానా పిండిగిర్ని అని చెప్పేవాళ్ళు. ఆ మాటల్లోంచి ఒకటి ట్యూబు మీద పేరు పక్కన రాసి, అప్పుడే మంచం దగ్గర నుంచి కదిలేవారు.

నాకది చాదస్తంలా తోచేది.

ఒకరోజు వార్డులో శాంపిళ్ళు తీసే పని నాకు పడింది. పక్కపక్క మంచాల్లో ఇద్దరు, ఇద్దరి పేరూ షహనాజే. ఆ రోజు మనసు అస్సలు పనిమీద లేదు. ఇద్దరి దగ్గరా రక్తం తీసి, రెండు ట్యూబులూ కోటు జేబులో వేసుకుని, ల్యాబ్‌కు వచ్చాక లేబుళ్ళు అంటించాను. ఏది ఎవరిదో గుర్తుందనే అనుకున్నాను. పరీక్ష చేశాను, సంతకం పెట్టాను, కాగితాలు ఆమె ముందుకు తోశాను.

ఆమె పెన్ను తీయలేదు. పాత రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూశారు. ఆ ఇద్దరిలో ఒకరు అంతకుముందు మా దగ్గరికి వచ్చినావిడే. అప్పుడు రాసింది బి గ్రూపు. నేను ఆవిడ లేబుల్ అంటించిన ట్యూబు ఓ అంటోంది.

"మన్షి రక్తం మారదు బిడ్డా," అన్నారు మెల్లగా. "ఏం మారింది మరి?"

లేబుళ్ళు తారుమారయ్యాయి. ఓ గ్రూపు రెండో షహనాజ్‌ది. ఓ గ్రూపు మనిషికి బి రక్తం ఎక్కితే ఏమవుతుందో పుస్తకంలో చదివినదాన్నే. ఆమె నన్ను తిట్టలేదు. చెయ్యి పట్టుకుని వార్డుకు తీసుకెళ్ళి, ఆ రెండో షహనాజ్ మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆవిడ నిద్రపోతోంది. బిడ్డ పక్కనే గుడ్డల్లో ఉంది. "జర సేపు చూడు" అని వెళ్ళిపోయారు. నేను చూశాను. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా నా వీపు మీద చెమట జారింది.

ఇద్దరి దగ్గరా మళ్ళీ రక్తం తీసి అంతా సరిచేశాక, నా తప్పును నాతోనే రిజిస్టరులో రాయించారు. రాస్తూ ఏడ్చాను. "నాకీ పని చేయబుద్ధి కాదు మేడం. పొద్దున లేస్తే రాబుద్ధి కాదు. నేను మానేస్తాను," అన్నాను.

"మానెయ్, ఎవలు వద్దన్నరు? కానీ ఉన్నన్ని దినాలు భయపడు. ఇష్టం రోజూ రాదు. భయం పిలిస్తె వస్తది. నాక్కూడ భయంతోనే ఇన్నేండ్లు గడిచినయ్," అన్నారు.

అప్పటి నుంచి నేను భయంతోనే పనిచేశాను. ఇష్టం వచ్చిందని అబద్ధం చెప్పను. అయితే ఎక్కడో ఒక మార్పు జరిగింది. మంచం దగ్గర దారి అడుగుతూ అడుగుతూ, కొన్నిసార్లు జవాబు కోసం నిజంగానే చెవి ఒగ్గేదాన్ని.

అంత్యక్రియల రోజు మాదన్నపేటలో వాళ్ళ ఇంటి అరుగు మీద ఆమె అక్క కూర్చుని ఉంది. నేను ఎవరో చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది. "నీ ముచ్చట మస్తు చెప్పేది. దానికి నౌకరి అంటె యమ బద్ధకం తెల్సా? రోజు పొద్దుగాల 'ఇయ్యాల పోనక్కా, కాళ్ళు గుంజుతున్నయ్' అనేది. మల్ల చెప్పులేసుకునేది. ముప్పై ఏండ్లు గదే లొల్లి!" అంటూ ఏడుపులోనే నవ్వింది.

ఆ మాటకు ధైర్యం రావాలి. నాకు ఇంకా భయమేసింది. ఆమె పుట్టుకే వేరని, అందుకే తప్పు చేయరని అనుకునేదాన్ని. ఆమె కూడా నాలాంటి మనిషే అయితే, ఇక నేను చెప్పుకోవడానికి సాకు లేదు.

మర్నాడు వేరే షిఫ్టు నుంచి ఒకతన్ని మా దగ్గర వేశారు. అతను పరీక్ష చేసి, తన సంతకం పెట్టి, కాగితం నా ముందుకు తోశాడు. రెండో గడి ఖాళీగా ఉంది. నేను రిజిస్టరు చూశాను. ట్యూబు చూశాను. మళ్ళీ రిజిస్టరు చూశాను. "అయ్యిందా అక్కా? వార్డు నుంచి మల్ల ఫోనొచ్చింది" అన్నాడతను. సంతకం పెట్టాను. 

సంచి వెళ్ళింది. దాని వెనకే నేనూ వెళ్ళాను. అది నా పని కాదు, అయినా ల్యాబ్‌లో కూర్చోలేకపోయాను. రక్తం ఎక్కే మొదటి పదిహేను నిమిషాల్లో చలి వచ్చినా, నడుము పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా తప్పు జరిగినట్టు. మంచం కాళ్ళవైపు నిలబడ్డాను. రక్తం ఎక్కుతున్నది చాలా చిన్న పిల్లకు, మొదటి కాన్పు.

"ఏందక్కా, గట్ల చూస్తున్నవ్?" అంది ఆ పిల్ల.

"ఊకెనే. చలి పెడుతుందా?"

"లేదు. ఆకలైతుంది."

సిస్టర్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గొట్టం పైన ఉన్న చిన్న గాజుబుడ్డి లాంటి దాంట్లో ఒక్కో చుక్కా ఉబ్బి, కాసేపు వేలాడి, జారుతోంది. ఒకటి పడ్డాక ఇంకోటి ఉబ్బే దాకా నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆ పిల్ల మెల్లగా పక్కకు ఒత్తిగిలి, ఏడుస్తున్న బిడ్డను దగ్గరికి లాక్కుంది.