వేలిముద్రల గుడ్డ

మా పెడనలో మూతపడిన రైసుమిల్లు గోడౌనుకి సున్నం వేసి, సామాజిక కళాకేంద్రం అని బోర్డు పెట్టారు. ఎక్కడెక్కడి ఆర్టిస్టులో వచ్చి, నెలల తరబడి ఉండి, ఊరి జనంతో కలిసి పనిచేస్తారని చెప్పారు. దాన్ని రెసిడెన్సీ అంటారట. బందరులో లాడ్జీలకి అలాంటి పేర్లుంటాయి గనక ఇదీ లాడ్జే అనుకున్నాం. మొదట వచ్చినాయన గదిలో ఏసీ లేదేమని అడిగేసరికి ఆ అనుమానం ఇంకా బలపడింది.

ఆయన వారం రోజులు కాలవ గట్టు మీద పడుకుని నీళ్ళు వింటానన్నాడు. మేము ఉతికే గుడ్డల మూటలతో ఆయన్ని దాటుకుంటూ తిరిగాం. తర్వాత వచ్చినాయన బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలుకుతూ తిరిగే ఏరియేటర్ల మోత రికార్డు చేసుకొచ్చి, గోడౌనులో కిటికీలన్నీ మూసి మాకు వినిపించాడు. మా తోటికోడలు కొంగుతో విసురుకుంటూ అంది, "అక్కా, మా ఆయన చెరువు కాపలాకెళ్ళి రోజూ ఇదే వింటాడు. అక్కడైతే గాలన్నా వస్తుంది."

మూడోసారి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, నూలు చీర, ముక్కుకి పెద్ద పుడక. మనిషి మంచిదే. మేమేం చెప్పినా "వావ్" అనేది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కంపు కొడతాయంటే కూడా వావ్ అంది.

నేను అద్దకం షెడ్డులో చిన్నప్పటి నుంచీ ఉన్నాను. అచ్చు వేసేది మగవాళ్ళు. అచ్చు పడిన గుడ్డని కాలవలో ఉతకడం, రంగు నీళ్ళలో ఉడకబెట్టడం, ఆరబెట్టడం మా పని. పటిక, వేడి నీళ్ళు, రంగు కలిసి నా వేళ్ళ మీద గీతలన్నీ తినేశాయి. రేషన్ డిపోలో మిషను మీద బొటనవేలు పెడితే అది ఒప్పుకోదు. తుడిచి పెట్టు, గట్టిగా నొక్కు, ఎడం చెయ్యి పెట్టు అంటాడు డీలరు. వెనక నిలబడ్డవాళ్ళు నేనేదో దొంగతనం చేసినట్టు చూస్తారు.

ఆ వేలితోనే మా డ్వాక్రా గ్రూపు మీటింగు పుస్తకంలో ముద్ర వేసేదాన్ని. చిన్నవాళ్ళ సంతకాలన్నీ వరసగా ఉంటే, మధ్యలో నాది ఊదారంగు మరక. దానిలో ఒక్క గీత కూడా ఉండదు. అది నాది అని నేనే చెప్పలేను. యాభై మూడో ఏట సిగ్గు విడిచి మా వీధి అంగన్‌వాడీ టీచరుని అడిగాను. వేసవిలో కాలవలు కట్టేస్తే మాకు ఉతుకుడు ఉండదు. అలా రెండు వేసవులు, మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, వాళ్ళ పలక మీదే దిద్దాను. పిల్లలు లేస్తారని అక్షరాలు గుసగుసగా పలికేదాన్ని. ఇప్పటికీ చదివేటప్పుడు నా గొంతు పైకి రాదు.

ఈ సంగతి కళాకేంద్రం వాళ్ళు ఎవరూ అడగలేదు. అక్కడి కోఆర్డినేటరు గారు గుడివాడ నుంచి రోజూ బండి మీద వచ్చే పెద్దమనిషి, మర్యాదస్థుడు. యాభై దాటిన ముప్పైమంది ఆడవాళ్ళు కావాలని ఇల్లిల్లూ తిరిగి చేతులు చూసి పేర్లు రాసుకున్నారు. చదువుకున్న కోడళ్ళు మేమూ వస్తామంటే, "ఈ ప్రాజెక్టుకి మీరు సూటవరమ్మా" అన్నారు. చదువు వల్ల పని పోవడం వాళ్ళకి అదే మొదటిసారి.

ప్రాజెక్టు ఏమిటంటే, పన్నెండు మీటర్ల గుడ్డ మీద మేమందరం బొటనవేలు పటికలో ముంచి ముద్రలు వెయ్యాలి. అంతే. నా వేలి మీద గీతలు లేవని చెబితే ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, మీ పని మీ గుర్తింపునే చెరిపేసింది. ఇదే నా వర్క్."

"రేషన్ డిపో ఆయనకి కూడా ఆ ముక్క చెప్పండమ్మా," అన్నాను.

వావ్ అంది.

పటిక నీళ్ళకి రంగుండదు. కరక్కాయ నీళ్ళు పట్టించిన గుడ్డ మీద తడిగా ఉన్నంతసేపు మరక కనిపిస్తుంది, ఆరితే ఏమీ కనిపించదు. గుడ్డని ఎర్రరంగులో ఉడకబెట్టినప్పుడు పటిక తగిలిన చోటే రంగు పట్టుకుంటుంది. అందుకని మా షెడ్డులో పటికలో కాస్త కావిరంగు కలుపుతారు, ఎక్కడ అద్దామో ఎక్కడ అద్దలేదో తెలియడానికి. తర్వాత కాలవలో అది కొట్టుకుపోతుంది. ఆ కావి కలపబోతే అమ్మాయి అడ్డుపడింది.

"వద్దమ్మా. కనిపించకపోవడమే కాన్సెప్ట్. మీ శ్రమ ఎవరికీ కనిపించదు కదా."

"కనిపించకపోతే ఒకదాని మీద ఒకటి పడతాయమ్మా."

"పడనివ్వండి."

అప్పుడే అడిగాను. నేను ఉడికించిన గుడ్డ ఎన్ని చీరలయిందో, ఎన్ని దుప్పట్లయిందో నాకు తెలియదు. అన్నిటి మీదా షాపు చీటీయే. ఒక్కదాని మీదా మా పేరు లేదు. ఇదొక్కటన్నా మాదే అంటున్నారు గనక, వేలిముద్ర పక్కన నా పేరు రాస్తాను అన్నాను.

అమ్మాయి మొహం చిన్నబోయింది. "మీకు... రాయడం వచ్చా?"

"వచ్చమ్మా. నాలుగేళ్ళయింది."

ఆమె కోఆర్డినేటరు గారి వైపు చూసింది. ఆయన నన్ను పక్కకి పిలిచారు. గోడకి ఆనించి కాగితం చుట్టిన బోర్డు ఉంది. తీసి చూపించారు. పెద్ద అక్షరాలు గనక మెల్లగా చదివాను. అక్షరం ఎరుగని ముప్పైమంది శ్రామిక స్త్రీల మౌన సంతకం.

"బోర్డు వచ్చేసిందండీ. ప్రపోజల్లో కూడా అలాగే వెళ్ళింది. ఇప్పుడు మీరొచ్చి చదువొచ్చంటే ఎలాగండీ?"

"ముందే వచ్చండీ. మీరు అడగలేదు."

"మీరు చెప్పాలి కదండీ."

నేనేదో రోగం దాచిపెట్టినట్టుంది ఆయన ధోరణి. అమ్మాయి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "అమ్మా, పేరు అందరూ రాస్తారు. మీ వేలిముద్రలో ఉన్న నిజం అక్షరాల్లో రాదు."

ఆవిడ పేరు మాత్రం బోర్డు కింద అక్షరాల్లోనే ఉంది.

మర్నాడు వాళ్ళిద్దరూ పాలకాయతిప్ప వెళ్ళారు, కృష్ణ సముద్రంలో కలిసే చోట వీడియో తీయడానికి. ముద్రలు వేసి ఉంచండి, సాయంత్రం వచ్చి చూస్తాం అన్నారు. ఆరితే ఏం చూస్తారో మాకు అర్థం కాలేదు.

గుడ్డ బల్ల మీద పరిచాం. నేను మొదటి కొసన బొటనవేలు నొక్కాను. తర్వాత పుల్ల చీల్చి, కొసకి నూలు చుట్టి, పటికలో ముంచాను. మాది కలంకారీ అని లోకమంతా అంటుంది. మా ఊళ్ళో అచ్చులే గాని కలం పట్టినవాళ్ళు లేరు. నేను పట్టాను. వేలిముద్ర పక్కన నా పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. పుల్ల అలవాటు లేక చివరి అక్షరం కిందికి జారింది. గాలికి ఆరి పేరంతా కళ్ళముందే మాయమైపోయింది.

పక్కనున్నావిడ చూసి, "నాది కూడా రాద్దూ," అంది. ఆవిడ వెనక ఇంకొకావిడ. మధ్యాహ్నం తిరిగేసరికి వరస కట్టారు. కొందరు వాళ్ళ పేరు చెప్పడానికి మొహమాటపడ్డారు. ఒకావిడ అయితే కాసేపు ఆలోచించి, "నన్నెవరు పిలిచారే పేరెట్టి, పలానా వాళ్ళ అమ్మ అనే కదా," అని, చివరికి చెవిలో చెప్పింది. చక్కటి పేరు. పాతికేళ్ళుగా ఎదురింట్లో ఉన్నా నాకు తెలియదు.

మా తోటికోడలు అందరికంటే ఆఖరున వచ్చింది. "నాకెందుకక్కా ఇవన్నీ" అంటూనే వచ్చింది. అప్పటికి గుడ్డని అటు లాగి ఇటు లాగి, మడతలు తిప్పి పెట్టాం. ఖాళీ కొస ఒకటి కనిపిస్తే అక్కడ ఆమె వేలు నొక్కించి, పేరు రాశాను. చెయ్యి అలవాటు పడింది, అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

సాయంత్రం అమ్మాయి వచ్చి ఏమీ లేని గుడ్డని చాలా ఫోటోలు తీసుకుంది.

నాలుగు రోజులు ఆరనిచ్చి, కాలవలో ఉతికి తెచ్చాను. ఉడకబెట్టడం మాత్రం కళాకేంద్రం ముందు, అతిథుల ఎదుట చెయ్యాలన్నారు. షామియానా వేశారు. రాగి డేగిసా కింద పుల్లలు ఎగదోస్తూ నేను, గుడ్డ తిప్పుతూ మా తోటికోడలు. ఊరి కోడళ్ళు వెనక నిలబడ్డారు. అమ్మాయి మైకులో మౌనం గురించి అరగంట మాట్లాడింది.

గుడ్డ ఎత్తి దండెం మీద వేశాం. ముందు వేలిముద్రలు కనిపించాయి, కుంకుమ బొట్లలా ఎర్రగా. వాటి పక్కన అక్షరాలు. నీళ్ళు కారుతున్న కొద్దీ ఒక్కొక్క పేరూ తేలింది. ఎవరో చదవడం మొదలుపెట్టారు. పేరు వినగానే ఆ మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, మిగతావాళ్ళు నవ్వడం.

అమ్మాయి మొహం తెల్లబోయింది. ఆమె, కోఆర్డినేటరు గారు షామియానా చాటున ఇంగ్లీషులో కాసేపు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చి మైకు తీసుకుంది. "మౌనం తనంతట తానే మాట్లాడింది. నేను ఆశించింది ఇదే," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం, ఎందుకో తెలియకపోయినా.

నేను నా పేరు వెతుక్కుంటున్నాను. ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాను. ఇరవై తొమ్మిది చోట్ల ముద్రలున్నాయి, ఇరవై ఎనిమిది పేర్లున్నాయి. ఒక చివర మాత్రం రెండు వేళ్ళు అతుక్కుని, అక్షరాల మీద అక్షరాలు ఎక్కి, ఒక ఎర్ర మరక. మా తోటికోడలి పేరు నా పేరు మీద పడింది. రెండూ చదవడానికి లేవు. పటికలో కావి ఎందుకు కలుపుతారో ఇన్నేళ్ళుగా తెలిసినదాన్ని, నేనే ఆ తప్పు చేశాను.

"చూశావా అక్కా," అంది మా తోటికోడలు, "ఇంట్లో పొయ్యి దగ్గర చాలదని ఇక్కడ కూడా నన్ను తోసుకుంటున్నావు."

"మీదెక్కింది నువ్వే."

"ఎక్కించింది ఎవరు మరి?"

నాకు నవ్వు రాలేదు. గీతల్లేని మరక పోగొట్టుకోవడానికి రెండు వేసవులు పలక పట్టాను. మళ్ళీ మరకే వచ్చింది, కాకపోతే ఎరుపు.

అతిథుల్లో ఘంటసాల నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు ఒకాయన ఉన్నారు. బోర్డు చదివి, గుడ్డ చదివి, మళ్ళీ బోర్డు దగ్గరికి వచ్చారు.

"అక్షరం ఎరుగనివాళ్ళంటున్నారు. మరి ఈ పేర్లు ఎవరు రాశారండీ?"

"ఆర్టిస్టు గారే దగ్గరుండి రాయించారండీ," అన్నారు కోఆర్డినేటరు గారు, ఏమాత్రం తడుముకోకుండా.

"కాదండీ, నేను రాశాను," అన్నాను. అలవాటు కొద్దీ గొంతు గుసగుసగానే వచ్చింది. మళ్ళీ చెప్పాను.

మాస్టారు నా వైపు తిరిగారు. "అలాగామ్మా? ఇందులో మీ పేరేది?"

చూపించడానికి నా దగ్గర మరక తప్ప ఏమీ లేదు. అందరి పేర్లూ రాసినదాన్ని, నా పేరు చూపించలేకపోయాను. కోఆర్డినేటరు గారు నా వైపు జాలిగా చూసి, "పెద్దావిడ," అన్నారు మాస్టారుతో.

మాస్టారి జేబులో పెన్ను కనిపించింది. "ఒకసారి ఇస్తారా అండీ," అన్నాను. కాగితం కోసం ఆయన సంచీ వెతుకుతున్నారు. నేను ఆగలేదు. బోర్డు మీద, మౌన సంతకం అన్న మాటకి కిందగా, నా పేరు రాయడం మొదలుపెట్టాను.

"అమ్మా, అది బోర్డండీ," అన్నారు కోఆర్డినేటరు గారు. "అమ్మా, అది రేపు హైదరాబాదు వెళ్ళాలండీ."

ఇంటిపేరుతో సహా పూర్తిచేసి, పక్కన మా తోటికోడలి పేరు కూడా రాశాను, ఈసారి చోటు చూసుకుని. ఎక్కడ రాశానో, ఎక్కడ ఖాళీ ఉందో నాకు తెలుస్తూనే ఉంది. బాల్‌పెన్ను కదా, రాస్తుండగానే కనిపించింది.